సగం ధర టెంటు గండికోట బండ మీద నిలుస్తుందా?

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో మజూరీ మీద తగ్గింపు అని ఎంత పెద్ద బోర్డు పెట్టినా, తెలిసినవాళ్లు ముందు ఆ తగ్గింపు మాట ఎత్తరు. ఎన్ని క్యారెట్లు, ఎంత తూకం, తరుగు ఎంత వేస్తారు, హాల్‌మార్క్ ఉందా అని అడుగుతారు. బేరం ఆ తర్వాతే. అంత జాగ్రత్త గల మనిషే ఫోన్‌లో ఫ్యామిలీ టెంటు చూస్తున్నప్పుడు '60 శాతం తగ్గింపు' అన్న అంకె దగ్గర ఆగిపోతాడు. బంగారం నాణ్యతను ఒక్క ముద్ర తేల్చేస్తుంది. క్యాంపింగ్ టెంటుకు అలాంటి ముద్ర లేదు. గీటురాయి కొనేవాడి చేతిలోనే ఉండాలి.

ఈ ప్రాంతంలో టెంటుకు అసలైన పరీక్ష గండికోట. జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన లోయ అంచున రాత్రి గడిపి సూర్యోదయం చూడాలని ప్రొద్దుటూరు నుంచీ పులివెందుల నుంచీ కుటుంబాలు వెళ్తుంటాయి. అక్కడ టెంట్లు అద్దెకు దొరుకుతాయి. సొంతది ఉంటే బాగుంటుందని అనిపించడం సహజం. అయితే టెంటు మంచిదా కాదా అన్నది దాన్ని ఎక్కడ వేస్తామన్న దాన్ని బట్టి ఉంటుంది. మెత్తటి పచ్చిక మీద ఫొటో తీసిన టెంటు గట్టి బండ మీద అక్కరకు రాకపోవచ్చు.

ముందు ధర సంగతి. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా ఉండాలి. ఆ ధరకు మించి అమ్మకూడదు, నిజమే. కానీ ఆ ధరను వేసుకునేది కంపెనీయే. ఆరు వేలకు అమ్మదలచిన టెంటు మీద పదిహేను వేలని అచ్చువేస్తే 60 శాతం తగ్గింపు దానంతటదే పుడుతుంది. కాబట్టి అడగాల్సింది ఎంత తగ్గించారని కాదు. ఇదే గుడ్డ, ఇవే రాడ్లు, ఇంతే కొలతలు ఉన్న మరో రెండు మూడు టెంట్లు ఎంతకు దొరుకుతున్నాయో చూడాలి.

ధర నిజంగానే తగ్గిందనుకుందాం. ఎందుకు తగ్గింది? పోయినేడాది రంగు, పాత మోడల్ కావడం వల్ల అయితే కొనేవాడికి లాభమే. ఎవరో తిప్పి పంపిన సరుకైతే మేకులు, తాళ్లు, రాడ్లు లెక్కపెట్టుకోవాలి. అంగడి ముందు నెలల తరబడి ఎండలో నిలబెట్టిన టెంటైతే వద్దనుకోవడమే మేలు. పాలిస్టర్ గుడ్డను, నైలాన్‌ను ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైకి కనబడకుండా బలహీనపరుస్తాయి. ఏళ్ల తరబడి గోదాములో మగ్గిన సరుకుకు మరో జబ్బుంది. నీరు దిగకుండా గుడ్డకు లోపల పూసే పాలీయురెథేన్ పూత వేడికీ తేమకూ విచ్ఛిన్నమై జిగటగా మారుతుంది, పొలుసులుగా ఊడుతుంది, పులిసిన వాసన వేస్తుంది. పెట్టె మీది తయారీ తేదీ చూడమనేది అందుకే. మడత విప్పగానే గుడ్డ పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే ఎంత చవకైనా అది దండగే.

ఇక గండికోట నేల. అక్కడ చాలాచోట్ల మేకు దిగదు, కింద బండే. అందువల్ల మేకులు కొట్టి లాగితేనే నిలబడే పొడవాటి సొరంగం తరహా టెంట్లు ఇక్కడికి పనికిరావు. రాడ్లు ఒకదాన్నొకటి దాటుతూ వాటంతటవే నిలబడే గుమ్మటం ఆకారమే మేలు. నిలబడింది కదా అని వదిలేయకూడదు. ఖాళీ టెంటు లోయ గాలికి ఎగిరిపోగలదు. నాలుగు మూలలకూ కట్టడానికి గట్టి ఉంగరాలు, గాలితాళ్లు ఉన్నాయో లేదో చూడాలి. వాటిని పెద్ద రాళ్లకో, ఇసుక నింపిన సంచులకో కట్టుకోవచ్చు. కోట గోడలకు మేకులు కొట్టడం మాత్రం తగదు, అవి రక్షిత కట్టడాలు. లోయ అంచుకు దూరంగా వేసుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

రాడ్లలో రెండు రకాలు. చవక టెంట్లకు ఫైబర్‌గ్లాస్ వస్తుంది. ఇది బరువెక్కువ, ఎండకు పాతబడేకొద్దీ నిలువునా చీలుతుంది. అల్యూమినియం తేలిక, ఒత్తిడి ఎక్కువైతే వంగుతుంది, వంగినదాన్ని సరిచేసుకోవచ్చు. కుటుంబం పట్టే టెంటుకు ఏడు మిల్లీమీటర్ల ఫైబర్‌గ్లాస్ సన్నం. కనీసం ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర ఉంటే నమ్మకం. వివరాల్లో రాడ్డు మందం రాయనేలేదంటే అదే ఒక జవాబు.

గుడ్డ దగ్గరికొస్తే మగ్గాలున్న ఊళ్లవాళ్లకు డెనియర్ కొత్త మాట కాదు. పట్టుదారం లెక్కలోంచి వచ్చిందే అది. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెరిగితే దారం లావు, గుడ్డ గట్టి. కానీ నీరు ఆపేది దారం కన్నా పూత. దాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. గుడ్డ మీద నీటి స్తంభాన్ని పెంచుకుంటూ పోతే ఎంత ఎత్తు దగ్గర నీరు అవతలికి ఊరుతుందో ఆ కొలత అది. పైకప్పుకు 1500, అడుగు గుడ్డకు 3000 ఉంటే మంచిది. పడుకున్నవాళ్ల మోకాళ్లు, మోచేతుల ఒత్తిడి కిందే ఎక్కువ కాబట్టి ఆ తేడా. ఇవేవీ చెప్పకుండా 'వాటర్‌ప్రూఫ్' అని మాత్రమే రాస్తే దానికి విలువ లేదు. అంకె ఉన్నా కుట్ల మీద లోపలివైపు టేపు అంటించి ఉండాలి. సూది దిగిన ప్రతి కన్నమూ వానకు దారే. గండికోటకు జనం ఎక్కువగా వెళ్లే చలికాలానికి ముందే, అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం వాయుగుండాలు కడప జిల్లాను తడుపుతుంటాయి. ఈ పరీక్ష ఊహించుకున్నది కాదు.

పై నుంచి వానే కాదు, లోపలి నుంచి తేమ కూడా తడుపుతుంది. నలుగురు పడుకుంటే రాత్రంతా ఊపిరిలోంచీ చెమటలోంచీ వచ్చే ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి నీటిబొట్లవుతుంది. ఒంటి పొర టెంటులో తెల్లారేసరికి దుప్పట్లు తడుస్తాయి. లోపల జాలీ, దానికి ఎడంగా పైన వానగుడ్డ ఉన్న రెండు పొరల టెంటులో ఆవిరి బయటికి పోతుంది. ఎండాకాలంలోనూ అదే నయం. మే నెలలో 42 డిగ్రీలు దాటే సీమలో ఏ టెంటూ పగటిపూట చల్లగా ఉండదు, కనీసం గాలి ఆడాలి.

'నలుగురికి' అన్న మాటను నమ్మేముందు కొలత టేపు తీయండి. కంపెనీల లెక్కలో మనిషికి దక్కేది సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు, అంటే రెండడుగులు. సంచులకు చోటుండదు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలైతే అది సరిపోతుంది. అవ్వాతాతలు కూడా వస్తే ఆరుగురి టెంటు చూసుకోవాలి. కింద పరిచే పట్ట టెంటు అంచుకన్నా నాలుగు వేళ్లు లోపలికే ఉండాలి. బయటికొస్తే పైనుంచి జారిన వాన నీటిని అదే టెంటు కిందికి చేరుస్తుంది.

డబ్బా రాగానే మిద్దె మీదికి తీసుకెళ్లండి. మిద్దెకు కూడా మేకు దిగదు కాబట్టి గండికోట నేలకు అది మంచి నమూనా. మేకుల్లేకుండా నిలబెట్టి, జిప్పులన్నీ పదిసార్లు లాగి, బకెట్లతో అరగంట నీళ్లు పోసి కుట్ల దగ్గర లోపల తడిమి చూడాలి. ఇదంతా వాపసు గడువు తీరకముందే జరగాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులోని గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపారమే. బిల్లు దాచుకుని, అవసరమైతే 1915కు ఫోన్ చేయవచ్చు.

చివరికి విలువను రాత్రుల లెక్కలో చూడాలి. ఆరు వేల టెంటు మూడేళ్లలో పన్నెండు రాత్రులు వాడితే రాత్రికి ఐదు వందలు. మూడు వేల టెంటు రెండో రాత్రికే రాడ్డు చీలితే రాత్రికి పదిహేను వందలు. ఏడాదికి ఒక్కసారి వెళ్లేవాళ్లకు అక్కడి అద్దె టెంటే లాభం. పొలం దగ్గర కాపలాకు, తిరునాళ్లకు, పిల్లల సెలవులకు తీస్తూనే ఉంటామనుకునేవాళ్లు తగ్గింపు కోసం తొందరపడకుండా రాడ్డు, పూత, కుట్టు సరిగ్గా ఉన్నదానికి వెయ్యి ఎక్కువైనా పెట్టవచ్చు.