మెట్టెలు బిగుతైతే గుండెకేమి సంబంధం?



బి.పి., షుగరు, ఆయాసం మూడూ ఉన్నవారిని మేము తరచుగా చూస్తుంటాము. చాలా అరుదుగా ఈ మూడింటికీ ఒకే మూలం ఉంటుంది. దాని పేరు ఎక్రోమెగలీ. పది లక్షల మందిలో సుమారు 60 మందికి ఉండే జబ్బు ఇది. నెమ్మదిగా ముదురుతుంది కనుక గుర్తించేసరికే ఏళ్లు గడిచిపోతాయి.

మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. గ్రోత్ హార్మోన్ ఇక్కడి నుండే వస్తుంది. అందులో చిన్న గడ్డ ఏర్పడితే హార్మోన్ అదుపు తప్పుతుంది. ఈ గడ్డ దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. పిల్లల్లో వస్తే విపరీతంగా పొడవు పెరుగుతారు. పెద్దల్లో చేతులు, పాదాలు, దవడ, నాలుక పెద్దవవుతాయి.

గుండెకు ఏమవుతుంది?

గుండె కూడా కండరమే. ఎక్కువైన హార్మోన్ గుండె గోడలను మందం చేస్తుంది. అలాంటి గుండె సరిగా వదులు కాక, రక్తంతో పూర్తిగా నిండదు. మొదట పని చేసేటప్పుడు, తర్వాత కూర్చున్నా ఆయాసం వస్తుంది. ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి బి.పి. పెరుగుతుంది. కవాటాలు లీకు కావచ్చు, గుండె లయ తప్పవచ్చు.

టి.వి. కుస్తీల్లో పేరుపొందిన ఆండ్రే ది జెయింట్ 1993లో 46 ఏళ్లకే గుండె వైఫల్యంతో మరణించారు. మన దేశపు గ్రేట్ ఖలీకి 2012లో అమెరికాలో పిట్యూటరీ గడ్డను తొలగించారు.

గమనించవలసిన గుర్తులు

* ఉంగరం, మెట్టెలు బిగుతు కావడం; చెప్పుల సైజు పెరగడం
* పళ్ల మధ్య సందులు, గొంతు బొంగురు
* అధిక చెమట, పెద్ద గురక, తలనొప్పి
* పక్క చూపు తగ్గడం
* స్త్రీలలో నెలసరి తప్పడం

పెండ్లినాటి ఫోటో పక్కన నేటి ఫోటో పెట్టి చూడండి. ముఖం బాగా మారితే డాక్టరుకు చూపించండి. ఇది బాణామతి కాదు, సిగ్గుపడవలసినదీ కాదు.

పరీక్షలు, చికిత్స

ముందు ఐ.జి.ఎఫ్-1 అనే రక్తపరీక్ష, అవసరమైతే గ్లూకోజు తాగించి చేసే పరీక్ష, తర్వాత ఎం.ఆర్.ఐ. చేస్తారు. గుండెకు ఇ.సి.జి., ఎకో చేయించాలి. సాధారణంగా ముక్కు ద్వారా ఆపరేషన్ చేసి గడ్డ తీస్తారు. మిగిలితే ఇంజక్షన్లు, మాత్రలు, రేడియేషన్ ఉన్నాయి. మిరుదొడ్డి నుండి వెళ్లేవారికి హైదరాబాదులోని నిమ్స్‌లో ఈ జబ్బుకు నిపుణులున్నారు. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ముందే కౌంటరులో అడగండి.

హార్మోన్ అదుపులోకి వస్తే గుండె మందం కొంతవరకు తగ్గుతుంది. ఆలస్యమైతే ఆ అవకాశం తగ్గిపోతుంది. ఈలోగా బి.పి., షుగరు మాత్రలు మాత్రం మానవద్దని మా మనవి.