నారుకొక నీడపట్టు

మంగంపేట అనగానే మనకు స్ఫురించేది ముగ్గురాయి. ఓబులవారిపల్లె మండలంలోని ఈ గ్రామపు గనులలో వెలికితీసిన ఆ ఖనిజం చమురుబావుల తవ్వకం కోసం దేశదేశాలకు తరలిపోతూ ఉంటుంది. ఆ ఊరి పెరటిలో తొలకరికి టమాటా నాటాలంటే నారును మే నెల ఎండలలోనే పోసుకోవాలి. పగటి వేడి 40 డిగ్రీలకు చేరే ఆ రోజులలో లేత మొలకను బ్రతికించడం ఎట్లా?

హరితగృహం అనే భావన మనకు చలిదేశాల నుండి వచ్చింది. లండన్ సమీపాన క్యూ ఉద్యానంలో 1848లో పూర్తయిన తాళవృక్షమందిరం ఉష్ణదేశపు చెట్లను చలి నుండి కాపాడటానికి కట్టినదే. గాజు గుండా ఎండ లోపలికి వస్తుంది. వేడెక్కిన గాలి వెలుపలికి పోలేదు. అక్కడ గుణమైన ఈ లక్షణమే రాయలసీమలో దోషమవుతుంది. పుస్తకంలోని బొమ్మను చూసి, మేడమీద పాలిథీన్ కప్పి నాలుగువైపులా మూసినవారి నారు ఒక్క పూటలో ఉడికిపోతుంది. టమాటా గింజ మొలవడానికి 20 నుండి 30 డిగ్రీలు చాలు. 35 దాటితే మొలక శాతం పడిపోతుంది. కనుక మన హరితగృహం ముందుగా ఎండను వడగట్టాలి.

నాలుగు వెదురు గుంజలు, పైన సగం ఎండను ఆపే నీడవల, చుట్టూ తెల్లదోమ దూరని సన్నని వల. నిర్మాణం ఇంతే. ఖర్చుకు వెరచి చుట్టూ వల మానుకోరాదు. ఆకుముడత వైరస్‌ను మోసుకువచ్చేది తెల్లదోమే. నారుదశలో అది సోకిన టమాటా మొక్క ఆ తరువాత ఎంత ఎరువు వేసినా కోలుకోదు.

98 గుంటల ప్లాస్టిక్ ట్రేలో కొబ్బరిపొట్టు, చివికిన వర్మికంపోస్టు కలిపి నింపి, గుంటకొక గింజను అర సెంటీమీటరు లోతున వేస్తారు. మొలక కనబడేవరకు ట్రేను ఇంటిలోని చల్లని మూలన కప్పి ఉంచవచ్చు. మొలక కనబడిన నాడే పందిరి కిందికి చేర్చాలి. ఒక్కరోజు ఆలస్యమైనా అది వెలుతురు కోసం సాగి, పాలిపోయి, వాలిపోతుంది.

ఇక నీరు. 'నారు పోసినవాడు నీరు పోయడా' అని సామెత. దైవంపై నమ్మికకు ఆ మాట ఎంతో అందమైనదే గాని, నారుమడి వద్ద మాత్రం నీరు పోసే చేయి కొంత వెనుకాడాలి. కరవుసీమలో పుట్టినవారికి మొక్క ఎండిపోతుందనే భయం సహజం. ఆ భయంతో పదేపదే తడిపినచోటనే నారుకుళ్ళు తెగులు ప్రవేశిస్తుంది. తడి ఆరని మట్టిలో పిథియం అనే సూక్ష్మజీవి విజృంభించి, కాండపు మొదలును మెత్తబరుస్తుంది. సాయంత్రం నిటారుగా నిలిచిన మొక్క తెల్లవారేసరికి నేలకు ఒరుగుతుంది. పైపొర కొద్దిగా ఆరిన తరువాతనే, ఉదయం వేళ, సన్నని జల్లుగా తడపాలి. తెగులు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేటట్లు పోయాలి.

టమాటా నారు 25 నుండి 30 రోజులకు, మిరప నారు సుమారు 40 రోజులకు ఎదుగుతుంది. నీడలో పెరిగిన ఆ మొక్కను ఒక్కసారిగా ఎండకు అప్పగించరాదు. చివరి వారంలో నీటిని తగ్గిస్తూ, నీడవలను మొదటినాడు ఉదయం ఒక గంట, మరునాడు రెండు గంటలు తొలగిస్తూ పోతే కాండం గట్టిపడుతుంది. పిమ్మట ఒక సాయంత్రం, వేరుచుట్టు ముద్ద చెదరకుండా ఎత్తి నాటి, వెంటనే నీరు పోయాలి. మరునాటి మధ్యాహ్నం ఆకులు వాలినా, పొద్దుగూకేసరికి లేచి నిలబడితే మొక్కకు ప్రాణభయం తీరినట్లే.