ఆయుధ నియంత్రణ - గ్రామశాంతి

యుద్ధమనగానే విమానాలు, ఫిరంగులు, క్షిపణులు మనస్సులో మెదలుతాయి. కాని ఇటీవలి దశాబ్దాల అంతర్యుద్ధాలలో అసంఖ్యాకులను బలిగొన్నవి మనిషి చేతపట్టుకొని పోగల తుపాకులు, గ్రెనేడ్ల వంటి చిన్న ఆయుధాలే. వీటిని దాచడం సులభం. సరిహద్దులు దాటించడం సులభం. ఒక దేశంలో యుద్ధం ముగిసినా, అక్కడ మిగిలిన తుపాకి మరొక దేశంలో కలహానికి సాధనమవుతుంది.

ఈ అక్రమ రవాణాను అరికట్టడానికి ఐక్యరాజ్యసమితి 2001 జూలైలో ఒక కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. 2005లో ఆయుధాల జాడ తీసే విధానాన్ని ఏర్పరచింది. దాని ప్రకారం ప్రతి తుపాకిపైన క్రమసంఖ్య చెక్కాలి. ఆ లెక్కలు భద్రపరచాలి. అప్పుడు పట్టుబడిన తుపాకి ఎక్కడ తయారైందో, ఏయే చేతులు మారిందో తెలుసుకొనే వీలుంటుంది. 2013 ఏప్రిల్ 2న సర్వప్రతినిధి సభ ఆయుధ వ్యాపార ఒడంబడికను ఆమోదించగా, అది 2014 డిసెంబరు 24న అమలులోకి వచ్చింది. మారణహోమానికి ఉపయోగపడుతాయని తెలిసి ఆయుధాలను అమ్మడాన్ని ఆ ఒడంబడిక నిషేధించింది. ఉగ్రవాదుల విషయంలో అది బలహీనంగా ఉన్నదని భావించిన భారతదేశం ఓటింగులో తటస్థంగా నిలిచింది.

జాడ తీసే పనికి ఆధారం ఆయుధంపైనున్న సంఖ్య. ఆ సంఖ్యయే లేని ఆయుధం మాటేమిటి? కడప జిల్లాలోని వీరపునాయునిపల్లె, దాని చుట్టుపట్లనున్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1800లో దత్తమండలాలు ఆంగ్లేయుల వశమైన పిమ్మట కలెక్టరు థామస్ మన్రో పాలెగాండ్ర బలాలను అణచివేశాడు. అయినా ఊరి పెద్దరికంకోసం పోరాటం ఆగలేదు. భూమి తగాదాలు, ఎన్నికలు, కాంట్రాక్టులు ఇరవయ్యవ శతాబ్దంలో ముఠాకక్షలను పెంచాయి. వేటకొడవలి, నాటుబాంబు ఆ కక్షలకు ఆయుధాలయ్యాయి.

నాటుబాంబుకు సంఖ్య ఉండదు, చేసినవాని పేరుండదు. కనుక అంతర్జాతీయ నిఘా ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోతుంది. అక్కడినుండి 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం, 1959 నాటి ఆయుధ చట్టం పనిచేయాలి. గనులకు, క్వారీలకు వచ్చే పేలుడు పదార్థాల లెక్క తప్పకుండా చూడాలి. సాక్షికి రక్షణ కల్పించాలి. అంతకంటె ముఖ్యమైనది భయాన్ని తొలగించడం. ఎదుటివాడు దాచాడన్న భయంతో ఇతడు దాస్తాడు. ఇతడు దాచాడని అతడు మరికొన్ని చేస్తాడు. దేశాల మధ్య ఆయుధపోటీకి, ఊరిలోని కక్షకు మూలం ఒక్కటే. దాచిన బాంబుకు శత్రువెవరో, పసివాడెవరో తెలియదు. నాయకుని వెంట నడిచిన పేదరైతు బలియైతే, అతని భార్యాబిడ్డలు దిక్కులేనివారవుతారు. సేద్యం చేసే చేయి లేక పొలం బీడవుతుంది.

ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో 1992లో అంతర్యుద్ధం ముగిసింది. 1995లో అక్కడి క్రైస్తవ మండలి ప్రజలనుండి తుపాకులను తీసుకొని, బదులుగా కుట్టుమిషన్లు, సైకిళ్ళు, వ్యవసాయ పనిముట్లు ఇచ్చింది. ఆయుధాన్ని విడిచిన చేతికి పని చూపాలన్నది ఆ దేశం నేర్పిన పాఠం.

గత రెండు దశాబ్దాలలో సీమలో ముఠాకక్షలు చాలవరకు తగ్గుముఖం పట్టాయి. ఆ శాంతి నిలవాలంటే చట్టం ఇరువర్గాలకూ సమానంగా వర్తించాలి. పొలానికి నీరు, యువకునికి చదువు, ఉపాధి దక్కాలి. ఒడంబడికలు తుపాకుల రాకపోకలను అడ్డగించగలవు. ఇంటి చూరులో దాచిన బాంబును బయట పెట్టించగలిగేది ఇరుగుపొరుగుల మధ్య కుదిరిన నమ్మకమే.