గంగే పట్టణం ఇదేనా? చంద్రకేతుగఢ్ పెంకులు చెప్పేది

కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్ నుంచి డైమండ్ హార్బర్ రోడ్డులో దక్షిణానికి సాగితే బేహాలా వస్తుంది. అక్కడి రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో కొప్పు నిండా సూదులు గుచ్చుకున్న యక్షిణుల మట్టి బొమ్మలు కనిపిస్తాయి. వాటి సొంతూరు చంద్రకేతుగఢ్. నగరానికి ఈశాన్యంగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, బేడాచాంపా పక్కన ఉంది.

ప్రాచీన గ్రీకు నగర శిథిలాలంటే పాలరాతి స్తంభాలు గుర్తొస్తాయి. ఇక్కడున్నవి మట్టి కోటగోడ ఆనవాళ్లు, ఇటుకల ఆలయ పునాదులు, దిబ్బలు. ఇది గ్రీకులు కట్టిన ఊరు కాదు. గ్రీకు రాతల్లోకి ఎక్కిన ఊరు కావచ్చు. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక వర్తకుడు గ్రీకులో రాసిన 'పెరిప్లస్' గంగానదిపై గంగే అనే రేవును పేర్కొంది. తమాలపత్రం, జటామాంసి, ముత్యాలు, సన్నని నూలుబట్టలు అక్కడి సరుకులట. మన మచిలీపట్నం తీరమని పండితులు భావించే మసాలియా కూడా ఆ పుస్తకంలోనే ఉంది.

చంద్రకేతుగఢే గంగే అని చాలామంది అంటారు. కలకత్తా విశ్వవిద్యాలయపు అశుతోష్ మ్యూజియం 1956-57 నుంచి సుమారు పదేళ్లపాటు ఇక్కడ తవ్వకాలు జరిపింది. అయినా ఊరి పేరును తేల్చే శాసనం దొరకలేదు. అందుకే పెంకుల సాక్ష్యం కీలకమైంది.

ఇక్కడ దొరికిన 'రూలెటెడ్' పళ్లేల లోపలి అడుగున చిన్న గాట్లు వలయాలుగా ఉంటాయి. 1945లో అరికమేడు తవ్విన మార్టిమర్ వీలర్ ఈ అలంకరణ మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చిందనుకున్నారు. ఇలాంటి పెంకులు అమరావతిలోనూ, దూరాన బాలి ద్వీపంలోనూ బయటపడ్డాయి. పుణెలోని దక్కన్ కాలేజీకి చెందిన విశ్వాస్ గోగ్టే వీటిని ఎక్స్‌-రే డిఫ్రాక్షన్‌తో పరీక్షించారు. పెంకును పొడిచేసి ఎక్స్‌-కిరణాలు పంపితే, ఒక్కో ఖనిజపు స్ఫటికాలు వాటిని ఒక్కో కోణంలో మళ్లిస్తాయి. ఆ నమూనా మట్టికి వేలిముద్ర లాంటిది. అది చంద్రకేతుగఢ్-తామ్లుక్ ప్రాంతపు మట్టితో సరిపోయిందని 1997లో ఆయన ప్రకటించారు. విదేశీ సరుకనుకున్నది ఇక్కడి నుంచే ఎగుమతైందన్నమాట! దీనిపై వాదన ముగియలేదు. ఒకవేళ నిజమైనా, ఇది పెద్ద రేవని తేలుతుందే తప్ప దాని పేరు గంగే అని కాదు.

అది తేలాలంటే ఏ వస్తువు ఏ పొరలో, వేటి పక్కన దొరికిందో తెలియాలి. చిక్కల్లా అక్కడే. కోటగోడ లోపల ఇళ్లు, పొలాలు ఉన్నాయి. చెరువు తవ్వినా, దుక్కి దున్నినా బొమ్మలు బయటపడతాయి. వాటిలో ఎన్నో చేతులు మారి విదేశాలకు చేరాయి. థర్మోల్యూమినిసెన్స్ పరీక్షతో వాటిని ఎప్పుడు కాల్చారో అంచనా వేయవచ్చు. కానీ వాటి పక్కన నాణెం ఉందో, ముద్ర ఉందో, పళ్లెం పెంకు ఉందో ఇక చెప్పలేరు.