సాయంత్రం 5:30: రివర్ సైడ్ ఫన్ టైమ్

పోయిన వారం మా క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో టూర్ ప్లాన్ పీడీఎఫ్ వచ్చింది. ఢిల్లీ, చండీగఢ్, మనాలి, మళ్ళీ ఢిల్లీ. ఎనిమిది రోజులు. మధ్యలో పేరుకి ఒక ఇండస్ట్రియల్ విజిట్, అది లేకపోతే పర్మిషన్ రాదు కదా. అందరూ రూమ్ ఎవరితో షేర్ చేసుకోవాలి అనే గొడవలో ఉన్నారు. నేను మాత్రం అయిదో రోజు దగ్గర ఆగిపోయాను. "సాయంత్రం 5:30 నుంచి 7:00 వరకు, బియాస్ రివర్ సైడ్ ఫన్ టైమ్" అని ఉంది.

ఈ వ్యాసం ఆ ఒక్క లైన్ గురించి. నేను మొదట్నుంచీ ఇంగ్లీష్ మీడియం, తెలుగులో ఇంత పెద్దది రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు తప్పితే మా ఎడిటర్ అక్క చూసుకుంటుంది.

మాది భద్రాచలం. నది అంటే మాకు కొత్త కాదు, ఆ ధైర్యమే నాకు ఎక్కువ. పోయిన మే నెలలో చండీగఢ్‌లో ఉండే బాబాయి వాళ్ళు హిమాచల్ వెళ్తూ నన్నూ రమ్మన్నారు. అమ్మ అన్నిటికీ సరే అంది గానీ "బియాస్" అన్న మాట వినగానే మొహం మారిపోయింది. 2014 జూన్ 8, ఆదివారం. హైదరాబాద్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుంచి టూర్‌కి వెళ్ళిన 24 మంది స్టూడెంట్స్, వాళ్ళతో వచ్చిన ఒక టూర్ కోఆర్డినేటర్, మండి జిల్లాలో థలౌట్ దగ్గర బియాస్‌లో కొట్టుకుపోయారు. అప్పుడు నేను చాలా చిన్నదాన్ని, టీవీ ముందు అమ్మ ఏడవడం మాత్రం గుర్తుంది. వాళ్ళలో మాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఏడ్చింది.

"మేం గోదావరి పక్కన పెరిగినవాళ్ళమే కదమ్మా" అన్నాను. "వాళ్ళు కూడా ఏదో ఒక నది పక్క పిల్లలే" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. చివరికి ఒప్పుకుంది గానీ ఒక కండిషన్ పెట్టింది: ఆ రోజు ఏం జరిగిందో పూర్తిగా చదివి, తనకి అర్థమయ్యేలా చెప్పాకే టికెట్. అమ్మకి చెప్పిందే మీకూ చెప్తున్నాను, కాస్త ఫిజిక్స్ కలిపి.

ముందు వాలు సంగతి. గోదావరి త్ర్యంబకం దగ్గర సముద్ర మట్టానికి సుమారు 1,067 మీటర్ల ఎత్తులో పుడుతుంది. అక్కణ్ణించి 1,465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. అంటే తన జీవితమంతా కలిపి దిగేది ఒక కిలోమీటరు చిల్లర. బియాస్ మనాలి దగ్గర సుమారు 2,050 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మండి దగ్గర సుమారు 760. ఈ రెండు ఊళ్ళ మధ్య రోడ్డు 110 కిలోమీటర్లే. గోదావరి జీవితమంతా దిగే ఎత్తుకన్నా ఎక్కువ, బియాస్ మన బస్సు ఒక పూటలో వెళ్ళే దూరంలో దిగేస్తుంది. రెండిటినీ "నది" అనే ఒకే పేరుతో పిలవడమే అసలు గందరగోళం అనిపించింది నాకు.

వాలు పెరిగితే వేగం పెరుగుతుంది. నీళ్ళు మన కాళ్ళని తోసే బలం వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. మోకాళ్ళ లోతులో నిలబడ్డాం అనుకోండి. నీటికి అడ్డంగా ఉండే మన రెండు కాళ్ళ వైశాల్యం సుమారు 0.1 చదరపు మీటర్లు. నీళ్ళు సెకనుకి ఒక మీటరు వేగంతో వస్తుంటే కాళ్ళ మీద పడే తోపు సుమారు 5 కిలోల బరువంత. రేవులో స్నానం చేస్తూ నిలబడగలిగేది అందుకే. అదే నీళ్ళు సెకనుకి 3 మీటర్ల వేగంతో వస్తే 15 కిలోలు కాదు, 45 కిలోలు. అదీ నాచు పట్టిన గుండ్రాళ్ళ మీద, చెప్పుల్లేకుండా, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని. నీళ్ళు తొడల దాకా వస్తే వైశాల్యం రెట్టింపు, తోపు కూడా రెట్టింపు. నా బరువు 48 కిలోలు. మిగతా లెక్క మీరే చేసుకోండి.

ఈత వస్తే చాలు అనేవాళ్ళకి చలి సంగతి చెప్పాలి. అది కరిగిన మంచు. 15 డిగ్రీలకన్నా చల్లటి నీళ్ళలో ఒక్కసారిగా పడితే శరీరం మనల్ని అడక్కుండానే గట్టిగా ఊపిరి లోపలికి పీలుస్తుంది. ఆ క్షణంలో తల నీళ్ళ కింద ఉంటే పీల్చేది గాలి కాదు. ఆ మొదటి నిమిషం దాటినా, కొన్ని నిమిషాల్లోనే చేతివేళ్ళు పట్టు తప్పుతాయి. గోదావరిలో గంటసేపు ఈదేవాడికి కూడా.

ఇప్పుడు అసలు విషయం, టైమ్.

మా ఊళ్ళో వరద చెప్పి వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఎగువన పేరూరులో ఇంత ఉంది అని టీవీలో స్క్రోలింగ్ రాగానే, మన దగ్గరికి ఎప్పటికి వస్తుందో, ఎంత వస్తుందో తాతయ్య చెప్పేస్తారు. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు కూడా మేం సామాన్లు మేడ మీదికి ఎక్కించుకునే టైమ్ దొరికింది. గోదావరి ఏదో మంచిది అని కాదు నేను చెప్పేది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండల టూరిస్టు బోటు మునిగింది వరద గోదావరిలోనే. కానీ ఒడ్డున నిలబడ్డవాడికి గోదావరి కనీసం కొన్ని గంటలు ఇస్తుంది. కొండ నది నిమిషాలే ఇస్తుంది.

దానికి రెండు గడియారాలు ఉన్నాయి. ఒకటి సూర్యుడిది. పగలంతా పైన మంచు కరుగుతుంది, ఆ నీళ్ళు కిందికి చేరేసరికి మధ్యాహ్నమో సాయంత్రమో అవుతుంది. పొద్దున రాళ్ళ మీదుగా దాటిన వాగుని సాయంత్రం దాటలేం. మా కారు డ్రైవర్ భయ్యాది కుల్లూ. ఆయన భాషలో చెప్పాలంటే "సుబహ్ కా పానీ అలగ్, షామ్ కా పానీ అలగ్". పొద్దుటి నీళ్ళు వేరు, సాయంత్రం నీళ్ళు వేరు. ఎంత బతిమాలినా మధ్యాహ్నం మూడు దాటాక నది దగ్గర కారు ఆపలేదు.

రెండో గడియారం మనిషిది, అది ఎక్కడో కంట్రోల్ రూమ్‌లో ఉంటుంది. బియాస్‌లో సైంజ్, తీర్థన్ నదులు కలిసే చోటికి దగ్గర్లో లార్జీ డ్యామ్ ఉంది. 126 మెగావాట్ల ప్రాజెక్టు. ఇది నాగార్జునసాగర్‌లాంటిది కాదు, నెలల తరబడి నీళ్ళు దాచదు. వచ్చిన నీళ్ళని వచ్చినట్టే టర్బైన్లకి పంపిస్తుంది, దాచుకునే చోటు చాలా కొంచెం. మన భాషలో చెప్పాలంటే చాలా చిన్న బఫర్. పైగా డ్యామ్ ఒక చోట, పవర్‌హౌస్ ఇంకో చోట. డ్యామ్ దగ్గర నీళ్ళు సుమారు నాలుగున్నర కిలోమీటర్ల సొరంగంలోకి దూరి, కిందెక్కడో థలౌట్ దగ్గర టర్బైన్లు తిప్పి మళ్ళీ నదిలోకి వస్తాయి.

ఈ ముక్క చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. డ్యామ్‌కీ పవర్‌హౌస్‌కీ మధ్య నది ఎలా ఉంటుందో ఊహించండి. నీళ్ళలో ఎక్కువ భాగం సొరంగంలో ఉన్నాయి కాబట్టి పైన నది సన్నగా, అందంగా, తెల్లటి రాళ్ళ మధ్య పాయలు పాయలుగా కనబడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి అది "నీళ్ళు తక్కువగా ఉన్నాయి, దిగొచ్చు" అనిపిస్తుంది. నీళ్ళు తక్కువ లేవు, పక్క దారిలో వెళ్తున్నాయి అంతే.

కరెంటుని నిల్వ పెట్టలేం కాబట్టి వాడకం ఎంతో ఉత్పత్తి అంతే ఉండాలి. వాడకం తగ్గితే ఉత్పత్తి తగ్గించమని గ్రిడ్ నుంచి ఆదేశం వస్తుంది. టర్బైన్లు తగ్గిస్తే సొరంగంలోకి వెళ్ళే నీళ్ళు తగ్గుతాయి. పైనుంచి వచ్చేవి మాత్రం వస్తూనే ఉంటాయి. బఫర్ నిండి ఉంటే ఏం చేస్తారు? గేట్లు ఎత్తుతారు. అప్పటిదాకా పక్క దారిలో పోతున్న నీళ్ళన్నీ ఒక్కసారిగా అసలు దారిలోకి వస్తాయి. ఆ ఆదివారం సాయంత్రం లార్జీ గేట్లు ఎత్తారు. కింద ఉన్నవాళ్ళకి సరైన హెచ్చరిక అందలేదు. తర్వాత హిమాచల్ హైకోర్టు ఈ కేసుని తనంతట తానే తీసుకుని విచారించి, తల్లిదండ్రులకి నష్టపరిహారం ఇమ్మంది.

"నీళ్ళు వస్తుంటే పరిగెత్తొచ్చు కదా?" అని అమ్మ అడిగింది. అందరూ అడిగేది అదే. పరిగెత్తలేం. ఫోటో కోసం మనం ఎక్కేది నది మధ్యలో ఎత్తుగా ఉన్న బండ. మనకీ ఒడ్డుకీ మధ్య ఉన్న పల్లం అంతకన్నా కిందికి ఉంటుంది కాబట్టి ముందు నిండేది అదే. మన కాళ్ళ దగ్గర నీళ్ళు పెరిగినట్టు మనకి తెలిసేసరికి వెనక్కి దారి ఉండదు. వాళ్ళు అల్లరి చేశారనీ, చెప్పినా వినలేదనీ అప్పట్లో చాలామంది తేలిగ్గా అనేశారట. ఈ లెక్కంతా చూశాక నాకు ఆ మాట అనబుద్ధి కాలేదు. అక్కడ ఎవరున్నా ఆ బండే ఎక్కేవాళ్ళు. నేనైతే ముందు ఎక్కేదాన్ని.

ఇంత చెప్పి అమ్మని భయపెట్టానేమో అనుకున్నాను, కానీ ఆవిడ స్థిమితపడింది. కారణం తెలియని భయం కన్నా తెలిసిన భయమే నయమేమో.

ట్రిప్ మాత్రం అద్భుతంగా జరిగింది. మొదటి రెండు రోజులు నది జోలికే పోలేదు, సరస్సులే చూశాం. మండికి దగ్గర్లో రివాల్సర్ ఉంది. హిందువులకీ, బౌద్ధులకీ, సిక్కులకీ ముగ్గురికీ పుణ్యస్థలం. టిబెటన్లు దాన్ని సో పెమా అంటారు. చిన్న చెరువంత ఉంటుంది, చుట్టూ తిరిగి రావొచ్చు. కొండ మీద 123 అడుగుల పద్మసంభవుడి విగ్రహం, నీళ్ళలో బొద్దుగా చేపలు. ఆ చేపల్ని ఎవరూ పట్టరు, అది వాటికీ తెలిసిపోయినట్టుంది.

తర్వాత పరాశర్. మండి నుంచి దాదాపు 50 కిలోమీటర్లు, 2,730 మీటర్ల ఎత్తు. గడ్డి కొండల మధ్య గుండ్రటి సరస్సు, ఒడ్డున మూడంతస్తుల చెక్క గుడి, నీళ్ళలో తేలుతూ జరిగే గడ్డి దీవి. పొద్దున ఒక మూల ఉన్న దీవి సాయంత్రానికి ఇంకో మూలకి పోవచ్చట. మేం రెండు గంటలు కూర్చుని చూశాం, మాకోసం మాత్రం అది కదల్లేదు. ఆ రెండు గంటలు ఎవరమూ ఫోన్ తియ్యలేదు. మా బాబాయి కూతురితో సహా, అది నిజంగా వార్తే.

చంద్రతాల్ కూడా వెళ్దాం అని నేను గోల చేశాను. సుమారు 4,300 మీటర్ల ఎత్తులో, స్పితి వైపు, ఫోటోల్లో చూస్తే ఎవరికైనా ప్రాణం లాగేస్తుంది. 2020లో అటల్ టన్నెల్ తెరిచాక మనాలి నుంచి అటు వెళ్ళడం సులువైంది, కానీ ఊపిరితిత్తులకి టన్నెల్ లేదు కదా. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి మన ఊళ్ళో ఉన్నదాంట్లో 60 శాతమే. మధ్యలో ఒకట్రెండు రాత్రులు ఆగుతూ ఎక్కాలి. మాకు అన్ని రోజుల్లేవు, బాబాయి వద్దన్నారు. నేను అలిగాను. ఆయన చెప్పిందే రైటు.

నది దగ్గరికి వెళ్ళింది తీర్థన్ లోయలో, పొద్దున ఎనిమిదింటికి. తీర్థన్ మీద కరెంటు ప్రాజెక్టులు కట్టకూడదని ప్రభుత్వం నిర్ణయించింది, కాబట్టి దానికి సూర్యుడి గడియారం ఒక్కటే. ఒడ్డున రాయి మీద కూర్చుని పాదాలు ముంచాను. పది అంకెలు లెక్కపెట్టేలోపు తీసేశాను, ఎముకలు నొప్పెట్టాయి. నీళ్ళ రంగు ఆకుపచ్చ గాజుసీసాలా ఉంది. పిన్ని టిఫిన్‌కి పిలిచేదాకా అక్కడే ఉన్నాను. నీళ్ళు ఉన్నట్టుండి బురద రంగుకి తిరిగినా, కొమ్మలూ ఆకులూ కొట్టుకొచ్చినా, చప్పుడు మారినా సైరన్ కోసం చూడకుండా పైకి వచ్చెయ్యమని డ్రైవర్ భయ్యా ముందే చెప్పారు. అదృష్టం, ఏదీ మారలేదు.

మన టూర్ జులైకి పోస్ట్‌పోన్ చేద్దాం అన్నవాళ్ళకి ఒక మాట. 2023 జులై 9, 10 తేదీల్లో ఇదే బియాస్ కుల్లూ, మనాలి రోడ్డుని ముక్కలు ముక్కలుగా కోసుకుపోయింది. మండిలో సంగమం దగ్గరున్న పంచవక్త్ర గుడి చుట్టూ నీళ్ళు ఎక్కిన వీడియో మీరు చూసే ఉంటారు. జులై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా హిమాచల్‌లో రాఫ్టింగే బంద్. మేలో వెళ్ళడమే నయం.

మన లిటరరీ క్లబ్ కాబట్టి ఇది కూడా చెప్పాలి. బియాస్ పాత పేరు విపాశ. కొడుకుల్ని పోగొట్టుకున్న వశిష్ఠుడు ఒళ్ళంతా తాళ్ళతో కట్టుకుని చనిపోదామని ఈ నదిలో దూకితే, నది ఆ పాశాలు విప్పి ఆయన్ని ఒడ్డుకి చేర్చిందని భారతంలో కథ. అందుకే విపాశ. ఇది అమ్మకి చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ పిల్లల్ని ఎందుకు చేర్చలేదు" అంది.

సరే, మన పీడీఎఫ్ సంగతి. నేనూ మా సీఆర్ కలిసి ట్రావెల్స్ ఆయనకి ఫోన్ చేశాం. బస్సు ఆగే చోటికి పైన ఏ డ్యామ్ ఉంది అని అడిగితే డ్రైవర్‌కి తెలుస్తుందన్నారు. సాయంత్రమే ఎందుకు అంటే "లైటింగ్ బాగుంటుంది మేడమ్, అందరూ అదే టైమ్ అడుగుతారు" అన్నారు. అరగంట మాట్లాడాక ఆ లైన్ పొద్దున 8:30కి మారింది, "ఒడ్డు మీద మాత్రమే" అని కూడా కలిపారు. మాల్ రోడ్ షాపింగ్ ఒక పూట తగ్గించి పరాశర్ పెట్టించాం. షాపింగ్ బ్యాచ్ నాతో ఇంకా మాట్లాడటం లేదు. కొత్త పీడీఎఫ్ నిన్న గ్రూప్‌లో పెట్టాను, పాతది డిలీట్ చెయ్యండి.