ఏ పుంజును ఉంచుకోవాలి?

సంక్రాంతి దగ్గర పడింది. పత్తి తీతలు సాగుతున్నాయి. కొద్ది రోజుల్లో కళ్ళాల నిండా ఎర్రని మిరపకాయలు పరుచుకుంటాయి. రాలిన మిరపగింజలను కోళ్లు ఏ బాధా లేకుండా ఏరుకు తినడం మీరు చూసే ఉంటారు. పక్షులకు మిరప కారం తెలియదు. ఆ సంగతి మరోసారి చెప్పుకుందాం. ఇప్పుడు మనకు కావలసింది వేరొక ప్రశ్న.

మీ పెరట్లో ఎనిమిది పెట్టలు, మూడు పడుచు పుంజులు ఉన్నాయనుకోండి. మూడింటినీ ఉంచితే రోజంతా కొట్లాటే. పెట్టల వీపు మీద ఈకలు కూడా మిగలవు. ఎనిమిది, పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. పండుగకు రెండు పోగా ఒకటి మిగలాలి. ఏది?

ఒకటి ఎర్రని డేగ. ఠీవిగా నడుస్తుంది, అందరి మీదికీ దూకుతుంది. రెండవది నల్లని కాకి, మంచి బరువు. మూడవది చెప్పుకోదగ్గ రంగు లేనిది. మీ ఓటు దేనికి?

ఈకలు చెప్పేది ఎంత?

డేగ, కాకి, నెమలి అంటూ రంగును బట్టి పుంజుకు పేరు పెట్టడం మన ప్రాంతంలో పాత అలవాటు. అవి కోడిపందేల వాళ్ల మాటలు. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు కోళ్లను పోరాడించిన పల్నాటి కథ మీకు తెలుసు. నేడు జంతువులను ఇలా పోరాడించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. పందేనికి పేరుపడిన అసీల్ జాతి పెట్టలు బాగానే పొదుగుతాయి కాని, గుడ్లు తక్కువ పెడతాయి. మనకు కావలసింది పోట్లాట కాదు; గుడ్లు, పిల్లలు. వాటి గురించి ఈకల రంగు మనకేమీ చెప్పదు.

ఒక్క పుంజు, ఎనభై పిల్లలు

చిన్న లెక్క వేద్దాం. ఏడాదిలో ఒక్కొక్క పెట్ట పది పిల్లలను లేపిందనుకోండి. ఎనిమిది పెట్టలకు ఎనభై పిల్లలు. ఒక పెట్ట పది పిల్లలకే తల్లి. కాని పుంజు ఎనభై పిల్లలకూ తండ్రి! ప్రతి పిల్లకూ సగం గుణాలు తల్లి నుండి, సగం తండ్రి నుండి వస్తాయి. అంటే ఎనిమిది పెట్టలు కలిసి ఇచ్చేంత వాటా ఒక్క పుంజే ఇస్తుంది. మెండెల్ బఠాణీ మొక్కల్లో కనుగొన్న సూత్రాలు కోళ్లకూ వర్తిస్తాయని 1902లో విలియం బేట్సన్ చూపాడు. అందుకు ఆయన పరిశీలించిన వాటిలో కోడి నెత్తి మీది తురాయి ఒకటి.

పుంజు గుడ్డు పెట్టదు కదా, గుడ్ల విషయంలో దాని వాటా ఏమిటి అంటారేమో. గుడ్లు ఎక్కువగా పెట్టే గుణం పుంజులోనూ దాగి ఉంటుంది. దాని కూతుళ్లలో బయటపడుతుంది. దాగినదాన్ని ఎలా కనిపెట్టాలి? పుంజును చూసి కాదు, దాని తల్లిని, అక్కచెల్లెళ్లను చూసి! మిరప రైతు విత్తనానికి కాయలు ఎలా తీస్తాడో గుర్తు చేసుకోండి. కళ్ళంలో నిగనిగలాడే కాయను ఏరడు. చేలో తెగులుకు తట్టుకుని, విరగకాసిన మొక్కను ముందే గుర్తు పెట్టుకుంటాడు.

మా ఇంటి పొరపాటు

నా చిన్నతనంలో మా ఇంట్లో ఒక డేగ ఉండేది. దాని అందం చూసి నాన్న అమ్మనివ్వలేదు. మూడేళ్లు అదే పుంజు. మొదట పన్నెండు గుడ్లు పొదగేస్తే పది పిల్లలు లేచేవి. మూడో ఏడు అయిదో ఆరో లేచాయి. అప్పటికి పెరట్లోని పెట్టల్లో చాలావరకు దాని కూతుళ్లే! పుంజు ముసలిదవడం కూడా ఒక కారణం కావచ్చు. కాని దగ్గరి రక్తం కలిస్తే ఏమవుతుందో చూడండి.

పుంజులో ఒక చెడు గుణం దాగి ఉందనుకోండి. దాని కూతుళ్లలో సగం మందికి అది దాగిన రూపంలోనే చేరుతుంది. అలాంటి కూతురు తిరిగి ఆ తండ్రితోనే కలిస్తే నాలుగు పిల్లల్లో ఒకదానికి రెండు వైపుల నుండీ చెడు గుణం వచ్చి బయటపడుతుంది. సగంలో నాలుగో వంతు, అంటే కూతుళ్లందరి పిల్లల్లో ఎనిమిదింట ఒకటి. ఇది ఒక్క గుణం లెక్క. ఇలాంటివి అనేకం ఉండవచ్చు. కనుక ఏడాదికో, రెండేళ్లకో పుంజును మార్చాలి. పక్క ఊరి బంధువులతో మంచి పుంజును మార్చుకోవడం సులభమైన దారి.

కొత్త పుంజును వెంటనే మందలో వదలకండి. కొక్కెర తెగులు వెంట తెస్తే మంద అంతా పోతుంది. రెండు మూడు వారాలు దూరంగా గంప కింద ఉంచండి. మరొక వింత: పెట్ట తన శరీరంలో పుంజు బీజాన్ని రెండు మూడు వారాలు నిలవ ఉంచుకోగలదు. కనుక పాత పుంజును తీసేసిన మూడు వారాల వరకు గుడ్లను పొదగేయవద్దు.

ఇక తీర్పు మీదే

ముందుగా ఆరోగ్యం చూడండి: చురుకైన కళ్ళు, వంకర లేని కాళ్ళు, తిన్నని ఎదురొమ్ము ఎముక. నూకలు చల్లి చూడండి. మంచి పుంజు తాను తినకముందే కొక్కొక్కో అంటూ పెట్టలను పిలుస్తుంది. పిల్లల మీదికి దూకే పుంజును ఎంత అందంగా ఉన్నా ఉంచవద్దు. ఆ బుద్ధి కొంతవరకు సంతానానికీ వస్తుంది.

ఆ తరువాత ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఒక్కొక్క పెట్ట కాలికి ఒక్కొక్క రంగు దారం వదులుగా కట్టండి. ఏది ఎన్ని గుడ్లు పెట్టింది, ఎన్ని లేపింది, ఎన్ని పిల్లలను పెద్దవి చేసింది రాయండి. పుంజుపిల్లలకు కూడా తల్లి రంగు దారమే కట్టి, అవి పెరిగేకొద్దీ వదులు చేస్తూ ఉండండి. అన్నిటికీ ఒకే మేత అందేలా చూడండి. లేకుంటే మేత గొప్పను జాతి గొప్ప అనుకుంటాం.

వచ్చే సంక్రాంతికి ఇంట్లో పెద్దలు "ఏ పుంజును ఉంచుదాం?" అని అడిగినప్పుడు మీ పుస్తకం తెరవండి. రంగు లేని ఆ మూడవ పుంజు తల్లి పేరు పక్కన ఎన్ని గుడ్లు ఉన్నాయో చూపించండి.