జీవాలున్నాయి, కాసేవాళ్లేరీ?

పెనుకొండ చుట్టుపక్కల, గొర్రెలు కాసే కురుబల పల్లెల్లో ఏ ఇంటి గడప తొక్కినా దాదాపు ఒకే కథ. తాత కంబళి భుజాన వేసుకుని జీవాల వెంట తిరిగాడు. తండ్రి ఇంకా తిరుగుతూనే ఉన్నాడు, జేబులో ఫోనుంది, అంతే తేడా. కొడుకు మాత్రం ఐటీఐ చదివి, యూనిఫాం తొడుక్కుని షిఫ్టుకు పోతున్నాడు. లేదంటే బెంగళూరు బస్సెక్కాడు. గొర్రెల్నీ మేకల్నీ కలిపి ఈ సీమలో జీవాలనే అంటారు. ఆ జీవాలకేం కొదవ లేదు. వాటి వెంట నడిచే మనిషే కరువవుతున్నాడు.

1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు రాజధానిని తెచ్చిపెట్టుకున్న ఊరు పెనుకొండ. ఇప్పుడు ఆ పేరు వింటే కోటకన్నా ముందు కారు గుర్తొస్తుంది. పక్కనే ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో కియా ఫ్యాక్టరీ వెలిసింది. 2017లో ఒప్పందం కుదిరితే 2019లో కార్లు రోడ్డెక్కాయి. దాని ప్రహరీ అవతల, బోడి గుట్టల మధ్య మందలు మేస్తూనే ఉంటాయి.

అనంతపురం సీమలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లే. అదీ ఒక ఏడు వస్తే మరో ఏడు రాదు. వేరుశనగ ఎండిపోయినా గొర్రె బతికింది, గొర్రెతో పాటు ఇల్లు బతికింది. వేరుశనగ పీకిన చేను మందకు తెరిచిన గడప. మంద ఆకులూ గడ్డీ మేస్తుంది, రాత్రికి అక్కడే పడుకుని ఎరువు పోస్తుంది. అందుకు రైతే మందగాడికి డబ్బో గింజలో ఇచ్చేవాడు. ఎండలు ముదిరి ఇక్కడ మేత అయిపోతే కర్నూలు వైపో, కడప వైపో నీళ్లున్న చోటికి మందను తోలుకుపోయి, తొలకరికి తిరిగొచ్చేవాళ్లు.

ఆ రాత్రి మంద దగ్గర కాసేపు నిలబడి చూడాలి. చుట్టూ వల కడతారు; ఒకప్పుడు ముళ్లకంప, ఇప్పుడు నైలాన్. పుట్టి నాలుగు రోజులైన పిల్లల్ని పగలంతా గంప కింద దాచి, పొద్దు గూకాక వదులుతారు. వందల గొర్రెలు ఒక్కసారే అరుస్తాయి. ఆ గోలలో మందగాడు పిల్లను ఎత్తి, దాని తల్లి దగ్గరే వదులుతాడు. తల్లి చనిపోయిన పిల్లను వేరే గొర్రె పొదుగుకు అలవాటు చేయడం ఇంకా పెద్ద విద్య. ఏ గొర్రెకు కుంటు, దేనికి చిటుకు రోగం లక్షణం, ఏది రేపు ఈనుతుంది... ఇవేవీ కాగితం మీద ఉండవు. ఈ చదువుకు సర్టిఫికెట్ లేదు, అదే దాని శాపం.

మొదట పోయింది ఉన్ని. నల్లటి దక్కనీ గొర్రె బొచ్చుతో కంబళ్లు నేసేవాళ్లు. కర్ణాటక సరిహద్దు అవతల చళ్లకెరె కంబళ్ల సంతకు పేరు. మిల్లు దుప్పట్లొచ్చాక కత్తిరింపు కూలికి కూడా ఉన్ని డబ్బు చాలకపోయింది. మాంసం ధర పెరగడంతో బొచ్చులేని నెల్లూరు రకాలు దక్కనీ స్థానంలోకి వచ్చేశాయి.

తర్వాత పోతున్నది నేల. హంద్రీ-నీవా కాలువ నీళ్లూ, డ్రిప్పూ వచ్చిన చోట చీనీ, దానిమ్మ, మల్బరీ తోటలు లేచాయి. రైతుకు మంచిదే, ఎవరు కాదంటారు? కానీ తోటకు కంచె ఉంటుంది, కోత అయ్యాక కూడా గేటు తెరుచుకోదు. బీళ్లూ గుట్టలూ మిగిలాయనుకుంటే, ఎన్‌పీ కుంటలో వేల ఎకరాల్లో సోలార్ పలకలు పరిచారు. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఎప్పటినుంచో ఉన్నాయి. చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లి కథ మరీ చిత్రం. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుగా పల్లెజనం ఏళ్ల తరబడి కాపాడి, బోద గడ్డి మొలిపించుకున్న ఉమ్మడి బీడు అది. గాలిమరల కోసం ఆ గుట్టల్నీ తవ్వి రోడ్లేశారు. రికార్డుల్లో అది బంజరు. గొర్రె ఎక్కడ మేస్తే దాన్ని బంజరనడం మన రెవెన్యూ శాఖకు అలవాటే.

ఇక పెళ్లి సంబంధాలు. పిల్లోడు జీవాలు కాస్తాడంటే ఆడపిల్ల వాళ్లు లేచిపోతున్నారు. వంద గొర్రెలున్నవాడి ఆస్తి, కాంట్రాక్టు కార్మికుడి ఏడాది జీతం కన్నా ఎక్కువే కావచ్చు. అయినా చెట్టు కింద నిద్ర, నెలల తరబడి ఇల్లు పట్టని బతుకు తనకొద్దని అమ్మాయి అంటే తప్పు పట్టగలమా? మరోవైపు, రాజకీయంగా కురుబల గొంతు పెరిగిన మాట నిజం. 2019లో గోరంట్ల మాధవ్, 2024లో బి.కె. పార్థసారథి ఈ కులం నుంచే హిందూపురం ఎంపీలయ్యారు. ఊరూరా కురుబల భక్తకవి కనకదాసు విగ్రహాలు లేస్తున్నాయి. మేత బీడు గురించి మాట్లాడే సభ మాత్రం నాకు కనబడలేదు.

గొర్రెలో డబ్బుందని ఇప్పుడు ఊరందరికీ తెలిసింది. ఉద్యోగాల్లో సంపాదించినవాళ్లు ఎత్తయిన షెడ్లు కట్టి, సూపర్ నేపియర్ గడ్డి వేసి, బక్రీదు లెక్కన పొట్టేళ్లను మేపుతున్నారు. ఇంకొందరు గొర్రెలు కొని వాటాకు మేపమని ఇస్తున్నారు. అంటే జీవం ఒకరిది, నడక ఇంకొకరిది. తరతరాల మందగాడు తన వృత్తిలోనే కూలీగా మిగులుతున్నాడు.

జీవాలకు కొదవ లేదని లెక్కలే చెబుతాయి. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ మొదటిది, 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండోది. తెలంగాణలో 2017లో 75 శాతం రాయితీతో ఒక్కో లబ్ధిదారుడికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. ఆ పంపిణీలో జరిగిన అక్రమాల వ్యవహారం తర్వాత అరెస్టుల దాకా వెళ్లింది. అక్రమాలు లేకపోయినా ప్రశ్న మిగిలేది: ఆ గొర్రెలు ఎక్కడ మేయాలి?

2026ను ఐక్యరాజ్య సమితి మేత భూముల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ఉత్సవాలు అక్కర్లేదు. సోలార్‌కో ఫ్యాక్టరీకో భూమి కేటాయించడానికి కలెక్టరాఫీసులో మ్యాపు పరిచినప్పుడు, మందల దారినీ, నీటి కుంటనూ, ఊరి బీడునూ ముందు గుర్తు పెట్టండి. మిగిలింది తర్వాత పంచండి.